బంతి తగిలింది ఏ వైపు?

మా అమ్మమ్మ ఫిదెన్సియా పూత్ బంతి విసిరితే మా యుకతాన్ రాష్ట్రంలో సగం ఊళ్ల ఆడవాళ్లు బ్యాటు గాల్లో ఊపి వెనక్కి వెళ్లాల్సిందే. వయసు అరవై దాటింది. నడుము పట్టుకోవాలంటే నా రెండు చేతులూ చాలవు. అయినా ఆదివారం పొద్దున పువ్వులు కుట్టిన తెల్ల ఇపిల్ గౌను తొడుక్కుని, చెప్పులు విడిచి, ఎర్రమట్టి మైదానం మధ్యలో నిలబడిందంటే ఆమెను కదిలించడం ఎవరి వల్లా కాదు. మా వైపు సాఫ్ట్‌బాల్ ఆడే ఆడవాళ్లంతా అలాగే ఆడతారు. బూట్లేసుకుంటే కాలికి నేల తెలియదని అమ్మమ్మ అంటుంది.

ఆమెకు షుగరు ఉంది. ఎలా వచ్చిందని అడిగితే చాలు, పని మానుకుని మరీ చెబుతుంది. పెద్ద తుపానులో మా ఇంటి పైకప్పు ఎగిరి పొరుగింటి పందుల దొడ్లో పడింది. ఆ భయానికి ఒంట్లో రక్తం తీపెక్కిందట. మా ఊళ్లో ఎవరి షుగరును కదిలించినా వెనక ఇలాంటి భయం ఒకటి ఉంటుంది. భయంతో వచ్చింది కాబట్టి భయపడకుండా ఉంటే చాలు, అదే ఆమె వైద్యం. చావు ఇళ్లకు వెళ్లదు. టీవీలో దెయ్యాల సినిమా వస్తే లేచిపోతుంది. గుండె కుదుటపడటానికి మాత్రం చల్లటి కోలా తాగుతుంది. పందికొవ్వులో వేయించిన పనూచో రొట్టెలు పళ్లెం నిండా తింటుంది. వాటిలో భయపడాల్సిందేమీ లేదుగా.

"ఆ సీసా చూస్తే నాకే భయమేస్తోంది అమ్మమ్మా" అన్నానొకసారి.

"అయితే షుగరు నీకొస్తుంది. అవతలికి పో" అంది.

ఈ ఏడు వానలు మొదలయ్యాక ఒకరోజు స్నానాల గదిలోంచి కేకేసింది. వీపు రుద్దమంటుందేమోనని వెళ్లాను. నా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. లోపల చింతగింజంత ఏదో గట్టిగా తగిలింది.

"బంతి దెబ్బలే. మొన్న ఆటలో తగిలింది చూడు, అది. నోరు మూసుకునుండు. సెల్సాకి తెలిస్తే ఫైనల్లో నన్ను కూర్చోబెడుతుంది."

సెల్సా మా జట్టు కెప్టెను, అమ్మమ్మకు ఆడపడుచు. నేను నోరైతే మూసుకున్నాను గానీ ఆ చింతగింజ నా వేళ్ల చివర్లనే ఉండిపోయింది. రొట్టెల పిండి కలుపుతున్నా అదే తగిలినట్టుండేది.

ఫైనల్ రోజు మైదానం పక్కన రొమ్ము ఎక్స్‌రేలు తీసే వ్యాను వచ్చి ఆగింది. ఊళ్లో ఆడవాళ్లంతా ఒక్కచోట దొరికేది అక్కడేనని ఎవరో వాళ్లకు సరిగ్గానే చెప్పారు. జట్టు మొత్తం ఇపిల్స్‌తో వరసలో నిలబడింది. అమ్మమ్మ మాత్రం ఐసుపెట్టె వెనక ఏదో వెతుకుతోంది.

నర్సు నోయెమీ ఉయికాబ్ వ్యాను గుమ్మంలోంచి పిలిచింది. "మీరూ రండి దోన్యా ఫిదెన్సియా. గడ్డలాంటిదేమైనా తగులుతోందా మీకు?"

"గడ్డ కాదమ్మా, బంతి దెబ్బ. దానంతటదే పోతుంది."

ఇక నా వల్ల కాలేదు. "బంతి తగిలింది కుడివైపు అమ్మమ్మా. వేడి కొవ్వు రాసింది నేనే కదా. గడ్డేమో ఎడమవైపుంది."

అందరూ ఇటు తిరిగారు. అమ్మమ్మ నన్ను చూసిన చూపుకు ఐసు కరిగిపోవాల్సింది.

"అటు తగిలి ఇటు జరిగింది" అంది తడుముకోకుండా.

"ఎలా జరిగింది వదినా, బస్సెక్కా?" అంది సెల్సా. అందరూ గొల్లుమన్నారు. నవ్వుతూనే సెల్సా ఆమె చేతిలోని గ్లౌజు లాక్కుంది. "లోపలికెళ్లి వస్తేనే ఇది ఇస్తా. లేదంటే కప్పు ఇప్పుడే పట్టుకెళ్లి అవతలి జట్టుకిచ్చేస్తా."

ఆ మాటకు వెళ్లింది. వెనకే నేనూ దూరాను. నర్సు ముందు ఆమె నడుముకు టేపు చుట్టింది.

"గడ్డ పైనుంటే కింద కొలుస్తావేంటమ్మా?"

"రెండిటికీ చుట్టరికం ఉంది దోన్యా. ముట్లు ఆగిపోయాక ఆడ హార్మోను ఈ కొవ్వులోనే తయారవుతుంది. కొవ్వు ఎక్కువైతే అదీ ఎక్కువే. షుగరును అదుపు చెయ్యలేక ఒళ్లు ఇన్సులిన్‌ను పోస్తూనే ఉంటుంది. అది ఊరుకోదు, రొమ్ములో కణాల్ని కూడా పెరగండి పెరగండి అంటుంది. అందరికీ క్యాన్సర్ వస్తుందని కాదు, వచ్చే అవకాశం పెరుగుతుందని."

"నాది భయంతో వచ్చిన షుగరు."

"ఎలాగైనా రానివ్వండి. వచ్చింది ఊరికే కూర్చోదుగా."

"పరిగెత్తుతాను కదా మరి" అంది అమ్మమ్మ, బడిపిల్లలా.

"అది మంచిదే. ఆట ఆపకండి. ఆట అయ్యాక తాగే కోలా ఆపండి."

ఎక్స్‌రే చూసిన డాక్టరు, ఆలస్యం చెయ్యకుండా మెరిదాలో పెద్దాసుపత్రికి వెళ్లి సూదితో పరీక్ష చేయించుకోమన్నాడు. అమ్మమ్మ బయటికొచ్చి సెల్సా ముందు చెయ్యి చాపింది, గ్లౌజు తీసుకుంది. ఆ రోజు ఆమె విసిరిన బంతులు ఎంత వేగమంటే నాకు కనబడలేదు, వినబడ్డాయి. చివరి బ్యాటరు మూడోసారి గాలిని కొట్టేసరికి మైదానమంతా లేచింది. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. అమ్మమ్మ ఒక్కతే నవ్వలేదు. కప్పు ఎత్తినప్పుడు కుడిచేత్తో ఎత్తింది, ఎడమచెయ్యి ఒంటికి ఆనించుకునే ఉంది. భయాన్ని దగ్గరికి రానివ్వని మనిషి భయపడటం నేను చూసింది అప్పుడే.

మెరిదాలో అది క్యాన్సరేనని తేలింది. ఆపరేషను చేసి గడ్డ తీశారు. పరీక్షల కాగితాలు వచ్చిన రోజు అమ్మమ్మ డాక్టరమ్మ ఎదుట నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. పట్టుకోవడమేమిటి, బంతిని పట్టినట్టు నొక్కేసింది.

"చిన్నగా ఉండగానే దొరికింది. చంకలోకి పాకలేదు. ఇంకా కొన్నాళ్లు రేడియేషను, మాత్రలు ఉంటాయి. షుగరూ బరువూ కూడా దారిలోకి తేవాలి. కానీ టైముకొచ్చారు" అంది డాక్టరమ్మ.

నేను ఏడ్చేశాను. అమ్మమ్మ ఏడవలేదు. వరండాలోకి వచ్చాక నా ఫోను లాక్కుని సెల్సాకు చేసింది.

"ఇదిగో, నేనింకా ఉంటానట. సరేగానీ, ఆ రోజు వరసలో నిలబడి, నన్ను లోపలికి తోసి, నువ్వు మాత్రం జారుకున్నావట కదా. నర్సు చెప్పిందిలే. నీ నడుము నా నడుముకంటే రెండు బెత్తెలు ఎక్కువ సెల్సా. రేపు ఆ వ్యాను మళ్లీ వస్తుందట, నేనూ వస్తున్నా. నీ గ్లౌజు నా చేతికిచ్చి వ్యానెక్కుతావా, లేకపోతే జుట్టు పట్టుకు ఎక్కించమంటావా?"