బ్రేకినస్పెక్టరు చూసేది బ్రేకులే కదా!

ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మీసం మీద ఒట్టేసి చెబుతున్నాను (రంగు కొట్టులోదే అయినా మీసం మాత్రం నాదే). ఆ రోజుల్లో తెనాలిలో సొంత కారంటే డాక్టరుగారికో రైసుమిల్లు ఆసామికో ఉండేది. మిగతా జనం పెళ్ళికో పురుడుకో అద్దెకి మాట్లాడుకునేవాళ్ళు. ఆ అద్దెల మీద ఆశపడి, చదువు పూర్తయిందో ఆగిపోయిందో తెలియని వయసులో, నేనూ మా బావా కలిసి ఒక ముసలి టాక్సీ కొన్నాం. దానికి గజలక్ష్మి అని పేరు పెట్టాం. నడకలో గజం, ఖర్చులో లక్ష్మి. బావ మా మేనత్త కొడుకు. బస్సులో టిక్కెట్టు కొట్టే కండక్టర్ని కూడా "కాస్త చూసి వేసుకోండి" అని బతిమాలే రకం గనక ఊళ్ళో అందరూ అతన్ని డిస్కౌంటు బావ అనేవారు.

బండి కొన్న కొత్తలోనే అదృష్టం తలుపు తట్టింది. బాపట్లలో పనిచేసే నలుగురు లెక్చరర్లు తెనాలి నుంచి రోజూ వెళ్ళి రావడానికి బండి కావాలన్నారు. నెలనెలా జీతంలా వచ్చే బేరం. వాళ్ళలో పెద్దావిడ లెక్కల మేడం. ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏం బాబూ, ఎఫ్.సి. ఉందా?" అంది. ఎఫ్.సి. అంటే ఈ బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని సర్కారువారిచ్చే ఫిట్‌నెస్ కాగితం. "ఉందండి" అన్నాడు బావ. "ఎప్పటిదాకా ఉంది?" అంది. బావ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. "సోమవారం కాగితం చూపిస్తే ఎక్కుతాం. లేదంటే వేరే బండి చూసుకుంటాం" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఈ మాట వినగానే మా నాన్న ముఖం వెలిగిపోయింది. "బేరం తప్పిపోతే సోమవారం మొదటి బస్సుకే రేపల్లె వెళ్ళి బాబాయి కొట్లో కూర్చో" అన్నాడు. బాబాయిది ఎరువుల కొట్టు. ఆయన దేవుడులాంటి మనిషే కానీ, మాట్లాడేవి రెండే విషయాలు: ఒకటి పొటాషు, రెండోది నా పెళ్ళి. యూరియా బస్తాల మధ్య జీవితమంతా ఆ రెండూ వింటూ కూర్చోవడం తలుచుకుంటేనే నాకు జ్వరం వచ్చినట్టుండేది.

మా వైపు బళ్ళు తనిఖీ చేసే ఆఫీసర్ని ఆయన అసలు హోదాతో ఎవరూ పిలవరు. లారీ డ్రైవరు దగ్గర్నుంచి జిలేబీ బండివాడి దాకా అందరికీ ఆయన బ్రేకినస్పెక్టరే. అక్కడే మా కొంప మునిగింది. బావ షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని తేల్చిపారేశాడు: "ఒరేయ్ బామ్మర్దీ, కళ్ళ డాక్టరు కళ్ళు చూస్తాడు. పళ్ళ డాక్టరు పళ్ళు చూస్తాడు. బ్రేకినస్పెక్టరు చూసేది బ్రేకులే కదా! ఉన్న డబ్బంతా వాటికే పెడదాం." షెడ్డు యజమాని, మేమంతా షెడ్డు భాయి అని పిలిచే పెద్దాయన, స్పానరు పక్కన పెట్టి, "సబబుగానే ఉంది బాబూ" అన్నాడు (సబబు కాకపోతే ఆయనకి పనెక్కడిది?). నాలుగు చక్రాలకీ కొత్త బ్రేకులు వేయించాం. జేబులో మళ్ళీ టీకి కూడా మిగల్లేదు.

ఆయన ఆఫీసున్న బాపట్ల వెళ్ళాం. ఇన్‌స్పెక్టరుగారు నా పక్కన కూర్చుని, కాస్త స్పీడు అందుకున్నాక "బ్రేకు కొట్టు" అన్నారు. కొట్టాను. గజలక్ష్మి గోడకి దిగిన మేకులా నిలబడిపోయింది. వెనక సీట్లో ఉన్న బావ ముందు సీట్లోకి వచ్చాడు. సారు కళ్ళజోడు అద్దం దాకా వెళ్ళి వచ్చింది. "బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయయ్యా" అన్నారాయన. బావ మళ్ళీ వెనక సీట్లోకి సర్దుకుని నా భుజం తట్టాడు. ఇద్దరం చెరో తలుపూ తీసి దిగబోయాం.

"ఎక్కడికి? హారన్ కొట్టు."

హారన్ నొక్కితే వైపరు కదిలింది. వైపరు వెయ్యమన్నారు. వేస్తే ఏదీ కదల్లేదు. "ఎడమ ఇండికేటరు?" అనగానే బావ ఎడమ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. "కుడి?" అంటే సీటు మీద అటు జరిగి ఆ చెయ్యీ ఊపాడు. సారు నిట్టూర్చి, "హ్యాండ్‌బ్రేకు లాగు" అన్నారు. లాగాను. మూరెడు తీగతో సహా ఊడి నా చేతిలోకి వచ్చేసింది. ఏం చెయ్యాలో తోచక దాన్ని రెండు చేతులతో మర్యాదగా సారుకి అందించాను.

"ఏంటయ్యా ఇది? బ్రేకులకి అంత పెట్టి మిగతావేవీ చూసుకోలేదా?"

"తమరు బ్రేకినస్పెక్టరుగారు కదండీ, అందుకనీ..." అన్నాడు బావ.

సారు ఆ హ్యాండ్‌బ్రేకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "అయితే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు స్నానం చెయ్యవా?" అన్నారు. తర్వాత చాలా ఓపిగ్గా చెప్పారు. హారను, వైపరు, ఇండికేటర్లు, హ్యాండ్‌బ్రేకు చేయించి తీరాలి. వెనక తలుపు గడియ, సీటు స్ప్రింగులు, సైలెన్సరు మోత చేయిస్తే మంచిది. శనివారం మళ్ళీ రమ్మన్నారు.

దారంతా బావ ఆ 'మంచిది' అన్న మాట మీదే ఉపన్యాసం. "మంచిది అంటే తప్పనిసరి కాదని అర్థం. మా అమ్మ రోజూ నన్ను తెల్లారుజామునే లేస్తే మంచిదంటుంది. లేస్తున్నానా?" తప్పనిసరి వాటికే దిక్కు లేదు, ఇక మంచి వాటి సంగతేం చూస్తాం? చివరికి పాత సామాన్ల కొట్టు ముందు, అడవులదీవి నుంచి చేపలు తోలి తోలి రిటైరైన ఒక వ్యాను కనిపించింది. దాని హారను, వైపరు, ఇండికేటర్లు బావ బేరమాడి ఊడదీయించాడు. ఆ బేరం చివర్లో కొట్టువాడు "తీసుకుపో బాబూ, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. వాటితోపాటు రొయ్యల వాసన కూడా ఉచితంగా వచ్చింది. ఆ హారను ఎక్కడ మోగినా పిల్లులు బయటికి వచ్చేవి. హ్యాండ్‌బ్రేకుకి మాత్రం కొత్త తీగ కొనలేక, పాతదాన్నే షెడ్డు భాయి ముడివేసి బిగించాడు. "పట్టుద్దా భాయ్?" అంటే, "పట్టుద్ది బాబూ" అని, కాసేపాగి, "పట్టాలి" అన్నాడు.

శనివారం. హారను మోగింది (ఆఫీసు పిల్లి వచ్చి బానెట్టెక్కింది). వైపరు ఊగింది. ఇండికేటర్లు కన్ను కొట్టాయి. "ఇక కాలవ వంతెన దగ్గరికి పోనీ" అన్నారు సారు. వంతెన ఎక్కే ఏటవాలులో బండి ఆపించి, "హ్యాండ్‌బ్రేకు లాగి, పెడలు మీంచి కాలు తియ్యి" అన్నారు. బావ అప్పటికే "గాలి ఆడటం లేదండి" అంటూ దిగి, వెనక్కి వెళ్ళి, డిక్కీకి వీపు ఆనించి, మడమలు తారులో గుచ్చి నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం ఇనుము చొక్కాలోంచి అట్లపెనంలా కాలుతోంది. నంబరు ప్లేటు అంచు సరిగ్గా నడుం మీద నొక్కుకుంటోంది. కళ్ళ ముందు యూరియా బస్తాలు వరసగా నడిచిపోతున్నాయి. బండి కదల్లేదు.

సారు దిగి నెమ్మదిగా వెనక్కి వచ్చారు.

"ఇక్కడేం చేస్తున్నావయ్యా?"

"నీడకి నిలబడ్డానండి."

"నీడ అటుంది కదా?"

"ఇటు కూడా వస్తదేమోనని చూస్తన్నానండి."

"పక్కకి రా."

"సార్..."

"రావయ్యా."

ఒక భుజం తీసి, రెండో భుజం తీసి, దేవుళ్ళందరినీ ఒక్క గుక్కలో పిలిచి, పక్కకి జరగడం అయింది. గజలక్ష్మి అలాగే ఉంది. అంగుళం కూడా వెనక్కి రాలేదు. అంటే అంతసేపూ ఆ తోసిందంతా వృథా! సారు తన చేత్తో ఒకసారి గట్టిగా వెనక్కి లాగి చూసి, నవ్వాపుకుంటూ, "ముడి బాగానే పట్టింది. కొత్త తీగ వేయిస్తే మంచిది" అన్నారు. సంతకం పెట్టారు. ఇద్దరం వంతెన మీదే కూలబడి పిచ్చివాళ్ళలా నవ్వాం. సోమవారం లెక్కల మేడం కాగితం తిప్పి తిప్పి చూసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, బండెక్కింది. మొదటి నెల డబ్బుతో 'మంచివి' కూడా అన్నీ చేయించాం. బాబాయి కొట్లోకి నా బదులు సంగం జాగర్లమూడి కుర్రాడెవరో చేరాడు. ఏడాది తిరగకుండా అతని పెళ్ళయింది.

ఇక ఒట్టు సంగతి. పిల్లుల లెక్క మీ ఇష్టం, నమ్మితే నమ్మండి. అబద్ధం ఒక్కటే రాశాను. ఆ వంతెన మీద స్టీరింగు ముందు దర్జాగా కూర్చున్నది బావ. డిక్కీకి వీపు ఆనించి నిలబడింది నేను. బావ ప్రతి పెళ్ళిలోనూ ఈ కథ ఉన్నదున్నట్టు చెబుతాడు గనక, అచ్చులోనైనా ఒక్కసారి సీటు మార్చుకుందామని నా ఆశ.

మొన్న మా అబ్బాయి తన కొత్త కారుని వడ్లమూడి దగ్గర ఏటవాలులో ట్రాఫిక్కుకి ఆపాడు. బొత్తాం నొక్కితే బ్రేకు దానంతటదే పడుతుందట. నాకు తెలియకుండానే నా మడమలు బిగుసుకున్నాయి, వీపు సీటుని గట్టిగా వెనక్కి అదిమింది.

"ఏంటి నాన్నా, నడుం నొప్పా?" అన్నాడు.

అవునన్నాను.