ప్యాసింగ్ షాట్ అని రాసిన రోజు

నేను సినిమా పని మానేయడానికి మూడేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో, హైటెక్ సిటీలోని ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఫోన్లలోనూ టీవీల్లోనూ సినిమాలు చూపించే కంపెనీ అది. నలుపు తెలుపు కాలంలో పేరు తెచ్చుకున్న ఒక నేరకథా చిత్రం హక్కులు కొన్నారు. దాన్ని కౌబాయ్ సినిమాగా మళ్లీ తీయాలి. దర్శకుడు సుధీర్‌కు అది మొదటి సినిమా. కడప అబ్బాయి, అదే రోడ్డు మీద పదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చాడు. పక్కన అనుభవం ఉన్న కో-డైరెక్టర్ ఉండాలని కంపెనీ పట్టుబట్టింది. అలా నేను చేరాను.

కో-డైరెక్టర్ పని బయటివాళ్లకు పెద్దగా తెలియదు. దర్శకుడికి తర్వాతి స్థానం, అసోసియేట్లకూ అసిస్టెంట్లకూ పైస్థానం. ఏం తీయాలో దర్శకుడు నిర్ణయిస్తాడు. ఏ రోజు, ఏ వేళకు, ఎవరెవరితో తీయాలో కో-డైరెక్టర్ నిర్ణయిస్తాడు. మర్నాటి ప్రోగ్రాం కాగితం రాసేది అతనే, సాయంత్రం ఆ రోజు ఏం జరిగిందో డైలీ రిపోర్టులో రాసి సంతకం పెట్టేదీ అతనే. సెట్‌లో ఎవరి మాట ఎలా ఉన్నా, తర్వాత వివాదం వస్తే అందరూ చూసేది ఆ కాగితాన్నే.

నెల రోజులు గాజు గదిలో కూర్చుని కథ మార్చాం. పాత సినిమాలో ఒక లాడ్జి గుమాస్తా ఉంటాడు. ఒకరి మెప్పు కోసం రిజిస్టరులో ఒక తప్పుడు టైము రాస్తాడు. ఆ ఒక్క గీతతో ఒక అమాయకుడు హత్యకేసులో ఇరుక్కుంటాడు. లాడ్జిని గుర్రపుబళ్లు ఆగే మజిలీగా మార్చాం. ఇన్‌స్పెక్టరు గుర్రమెక్కాడు, టెలిఫోను తంతి అయింది. కష్టమైంది భయాన్ని మార్చడం. పాత సినిమాలో భయమంతా ఇరుకు మెట్లలో, తలుపు చాటు నీడలో ఉంది. కౌబాయ్ సినిమాలో ఎటు చూసినా ఎండ, బయలు. దాక్కోవడానికి చోటే లేదు. దూరాన్నే భయంగా వాడదామని నేనన్నాను. ఎవరో వస్తున్నట్టు కనిపిస్తాడు, ఎవరన్నది తెలియడానికి చాలాసేపు పడుతుంది. సుధీర్‌కు అది నచ్చింది. రిజిస్టరు ఎందుకు, ఇంకేదైనా పెడదామని ఒకరోజు కంపెనీవాళ్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏది మార్చినా ఆ తప్పుడు గీత మార్చకండి, కథకు వెన్నెముక అదే అని గట్టిగా వాదించాను. ఆ వాదనలో గెలిచాను కూడా.

షూటింగ్ కోకాపేట అవతల ఒక రాళ్ల దిబ్బ దగ్గర. దాని మూడు వైపులా అపార్టుమెంట్ల టవర్లూ క్రేన్లూ ఉన్నాయి. ఒకే ఒక్క కోణంలో, కెమెరాను నేలకు ఆనించి పెడితే, రెండు బండల మధ్య సందులో ఆకాశం తప్ప ఏమీ కనపడదు. ఆ సందులోకి సరైన ఎండ మూడున్నర నుంచి నాలుగున్నర వరకే. పైగా ఆ స్థలం అమ్ముడైపోయింది. మా అనుమతి ముగిసిన మర్నాడే బండలు పేల్చడం మొదలుపెడతారు.

నాలుగో రోజున ఇన్‌స్పెక్టరు గుర్రం కుంటడం మొదలుపెట్టింది. షూటింగుల్లో ఆరితేరిన గుర్రం అది, బయటి ఊరి నుంచి తెప్పించాం. అప్పటికే దాని మీద సగం సీన్లు తీసేశాం కాబట్టి, బదులు గుర్రం కూడా అచ్చం అలాగే తెల్లగా ఉండాలి. హైదరాబాదులో తెల్ల గుర్రం వెంటనే దొరికేది పెళ్లి ఊరేగింపుల వాళ్ల దగ్గరే. నార్సింగి నుంచి యాదయ్య తన ఆడగుర్రం చమేలిని తీసుకొచ్చాడు. యాభై దాటిన మనిషి. తాత కాలం నుంచి వాళ్లది అదే పని. మనిషితో మాట్లాడేటప్పుడు కూడా చెయ్యి గుర్రం మెడ మీదే ఉండేది.

"ఎంతమంది పెండ్లికొడుకులను మోసిందో లెక్కలేదు సారూ," అన్నాడు. "ఒక్కన్ని సుత కింద పడెయ్యలె. అత్తగారింటికి పోయినంక పడ్డోళ్ల సంగతి నాకు ఎరుక లేదు."

యూనిట్ అంతా నవ్వింది.

మిగిలింది ఒక షాట్. ఇన్‌స్పెక్టరు గుర్రం మీద సందులోంచి దూసుకొస్తుండగా వెనక నుంచి మూడుసార్లు కాల్పులు. రాళ్ల సందుల్లో పెట్టిన చిన్న మందు పొట్లాలు ఒకటి తర్వాత ఒకటి పేలితే తూటాలు తగిలినట్టు దుమ్ము లేస్తుంది. గుర్రం ఆగకుండా కెమెరాను దాటిపోవాలి. ఇన్‌స్పెక్టరు వేషం వేసిన హీరోకు బదులు ఎక్కేది డూప్ శంకర్. నాతో ఆరు సినిమాలు చేసిన ఫైటర్. పెళ్లయి రెండేళ్లు.

గుర్రం, మందుగుండు కలిసిన షాట్‌ను మా వృత్తిలో ఫైట్ కింద లెక్కిస్తారు. ఫైట్ మాస్టర్ ఉండాలి. ముందు శబ్దంతో, మనిషి ఎక్కకుండా, గుర్రాన్ని పరీక్షించాలి. ఆ తర్వాతే రౌతు ఎక్కాలి. మా మాస్టర్ వేరే సినిమాలో ఉన్నాడు, పది రోజుల దాకా దొరకడు. అప్పటికి మా అనుమతి ముగిసిపోతుంది. ప్రోగ్రాం కాగితంలో "ఫైట్" అని రాస్తే షాట్ ఆగిపోతుంది. "ప్యాసింగ్ షాట్" అని రాస్తే ఆగదు. ప్యాసింగ్ షాట్ అంటే మనిషో బండో ఫ్రేములోంచి దాటిపోవడం, అంతే. దానికి మాస్టర్ అక్కర్లేదు, బాధ్యత కో-డైరెక్టర్‌దే.

నేను ప్యాసింగ్ షాట్ అని రాశాను. ఎవరూ చెప్పలేదు. సుధీర్ ఆ కాగితం చూసి నా దగ్గరికి వచ్చాడు.

"మూర్తిగారూ, మాస్టర్ లేకుండా పర్వాలేదా సార్? గుర్రం ఎట్లా పోతాదో ఏమో."

"నేను లేనా?" అన్నాను. ముప్ఫై ఏళ్ల అనుభవం ఆ రెండు మాటల్లో పెట్టి అన్నాను. అతను మళ్లీ అడగలేదు.

షాట్ తీసే రోజు మధ్యాహ్నం యాదయ్య నా కోసం బండల మధ్యకు వచ్చాడు. నేను చేతిలో వాకీటాకీ పట్టుకుని ఎండ ఎటు జరుగుతోందో చూస్తున్నాను.

"సారూ, జర ఒక్కపారి ఆ మందు సప్పుడు ఇనిపిచ్చి సూద్దాం."

"పెళ్లిళ్లలో బాంబుల చప్పుడు వినలేదా ఏమిటయ్యా అది?"

"ఇన్నది సారూ. గందుకే చెప్తున్న..."

వాకీటాకీలో కెమెరావాళ్లు పిలిచారు. తర్వాత చూద్దామని చెయ్యి ఊపి వెళ్లిపోయాను. అతను అక్కడే నిలబడ్డాడు, ఇంకా ఏదో చెప్పాలని. అది చూసి కూడా వెనక్కి తిరగలేదు.

మూడున్నరకు శంకర్ వేషం వేసుకుని వచ్చాడు. గుర్రం ఎక్కేముందు నన్ను చూసి అడిగాడు.

"సప్పుడు సూసిన్రా మూర్తన్నా?"

"ఆఁ, పొద్దున్నే చూశాం. పెళ్లి గుర్రం, దానికి భయమేమిటి?" అన్నాను.

యాదయ్య అప్పుడు దూరంగా, సందుకు అవతల గుర్రం కళ్లెం పట్టుకుని ఉన్నాడు. నా మాట అతనికి వినపడలేదు. శంకర్ నవ్వి బొటనవేలు చూపించి ఆ వైపు నడిచాడు.

యాక్షన్ అన్నాక గుర్రం చక్కగా వచ్చింది. మొదటి పేలుడుకు వేగం తగ్గించింది. రెండో పేలుడుకు సందు మధ్యలో నిలబడింది. మూడో దానికి ముందుకాళ్లు రెండూ గాలిలోకి ఎత్తింది.

అది బెదరలేదు. ఇంతకాలం తర్వాత కూడా ఈ మాట చెప్పాలి. చెవులు వెనక్కి పోలేదు, పక్కకు తప్పుకోలేదు. బరాత్‌లో బ్యాండు ముందు బాంబులు పేలితే పరిగెత్తకుండా, ఆగి, ముందుకాళ్లు లేపి ఆడాలని చిన్నప్పటి నుంచి దానికి నేర్పారు. చుట్టూ జనం, పైన పెళ్లికొడుకు ఉంటారు కనుక చప్పుడుకు ఉరకకూడదు. అందుకే చెప్తున్నా అని యాదయ్య మొదలుపెట్టింది అదే. చమేలి తన పని తాను చేసింది. తారు రోడ్డు మీద అయితే మళ్లీ కాళ్లు దించేది. అక్కడ వెనక గిట్టలు నున్నటి బండ మీద జారాయి. రౌతుతో సహా వెనక్కి పడింది. శంకర్ దాని కింద ఉన్నాడు.

గుర్రం లేచింది. శంకర్ లేవలేదు. యాదయ్య అందరికంటే ముందు చేరి అతని తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, "కదపకుండ్రి, ఎవ్వరు కదపకుండ్రి," అని అరుస్తున్నాడు. మేం అతన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి దవాఖానకు చేర్చాం. అది మజిలీ సెట్టు తలుపు. తుంటి ఎముకలు నలిగాయి, వెన్ను దెబ్బతింది. బతుకుతాడు, మునుపటిలా నడవడు అని డాక్టరు చెప్పాడు.

ఆ సాయంత్రం దవాఖాన వరండాలో కూర్చుని డైలీ రిపోర్టు రాశాను. అందులో ఒక గడి ఉంటుంది: గుర్రాలు, వాహనాలు, మందుగుండు వాడిన షాట్లకు రిహార్సల్ ఎన్నిసార్లు చేశారు? ఆ గడిలో "శబ్దంతో రెండుసార్లు. గుర్రం యజమాని హామీ మీద షాట్ తీయడమైనది" అని రాసి సంతకం పెట్టాను. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి.

రెండు వారాల తర్వాత ఫైటర్ల యూనియన్ విచారణ పెట్టింది. ముగ్గురు పెద్దలు బల్ల వెనక కూర్చున్నారు. రిహార్సల్ జరగలేదని యాదయ్య చెప్పాడు. జరిగిందని నా కాగితం చెప్పింది. శంకర్ ఆస్పత్రి మంచం మీద ఇచ్చిన వాంగ్మూలంలో, పొద్దున చూశామని మూర్తన్న అన్నాడు అని ఉంది. తను ఆ మాట నమ్మాడు కాబట్టి చెప్పాడు. కెమెరావాళ్లు బండ చాటున ఉన్నారు, వాళ్లకేం తెలియదు. మందు పొట్లాలు పేల్చినవాళ్లు నా సంతకం ఉన్న కాగితానికి ఎదురు చెప్పలేదు. సుధీర్‌ను అడిగితే, ఆ పనులన్నీ మూర్తిగారివే సార్ అన్నాడు. అదీ నిజమే.

యాదయ్య నా వైపు తిరిగి, "సారూ, మీరే చెప్పుండ్రి. నేనడగలే?" అన్నాడు.

నేను బల్ల మీది రిపోర్టును చూపించి, "అందులో ఉన్నదే నేను చెప్పేది," అన్నాను.

తప్పుడు హామీ ఇచ్చాడని తేల్చి, యాదయ్యను ఇక ఏ షూటింగుకూ పిలవకూడదని నిర్ణయించారు. అది అతనికి పెద్ద దెబ్బ కాదు, షూటింగులు అతనికి ఏడాదికి ఒకటో రెండో. అసలు దెబ్బ నేను ఊహించనిది. ఆ వార్త నార్సింగి దాటి పాకింది. మనిషిని పడేసిన గుర్రం మీద ఏ తల్లి తన కొడుకును పెళ్లికొడుకుగా ఎక్కిస్తుంది? ఆ వేసవి ముహూర్తాలకు అతన్ని పిలిచినవాళ్లు లేరు. వర్షాకాలం రాకముందే చమేలిని అమ్మేశాడు.

సినిమా పూర్తయింది. ఆ షాట్ లేకుండా, హీరో మీద అంతకుముందే తీసిన దగ్గరి షాట్లతో అతికించారు. వచ్చింది, కొందరు చూశారు, పోయింది. ఆఖరి రీలులో మజిలీ గుమాస్తా ఊరందరి ముందు నిలబడి తను రాసిన తప్పుడు గీత గురించి ఒప్పుకుంటాడు. ఆ సీనులో నటుడికి మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ కళ్లు దించాలో చూపించింది నేనే. బాగా వచ్చిందని అందరూ అన్నారు.

శంకర్‌ను చూడటానికి తరచూ వెళ్లేవాణ్ణి. పళ్లు తీసుకెళ్లేవాణ్ణి. అతను యాదయ్యను తిట్టేవాడు. నేను వింటూ కూర్చునేవాణ్ణి, ఒక్కోసారి తల ఊపేవాణ్ణి కూడా.

పని మానేసి మియాపూర్ అపార్టుమెంటులో కూర్చున్నాక ఇక ఆ మౌనానికి పని అనే సాకు లేకుండా పోయింది. జరిగింది జరిగినట్టు రెండు పేజీలు రాసి, సంతకం పెట్టి, యూనియన్ ఆఫీసులో ఇచ్చాను. అక్కడి గుమాస్తా చదివి, "ఫైలు ఎప్పుడో బంద్ అయింది సార్, ఇప్పుడెందుకు పరేషాన్?" అన్నాడు. నేను కదలకపోయేసరికి ముద్ర వేసి ఒక ప్రతి చేతికిచ్చాడు.

ముందు శంకర్ దగ్గరికి వెళ్లాను. కర్ర సాయంతో నడుస్తున్నాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇన్నొద్దులు నా మంచం పక్కన కూసోని ఆయన్ని తిట్టిపిచ్చిన్రు గదా అన్నా," అన్నాడు. అరవలేదు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ నన్ను రమ్మనలేదు, నేను వెళ్లలేదు.

యాదయ్య కోకాపేటలో ఒక టవరు గేటు దగ్గర కాపలా ఉద్యోగంలో కనిపించాడు. మా బండలు ఉన్న చోటికి అది కూతవేటు దూరం. బండలు ఇప్పుడు లేవు. కార్లకు గేటు తీస్తూ, వేస్తూ, మధ్యలో నేను చెప్పింది విన్నాడు. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"రాసిన్రు, మంచిదే," అన్నాడు. "గని గుర్రం ఇప్పుడు ఏడున్నదో నాకు ఎరుక లేదు సారూ. కొన్నోడు ఇంకోనికి అమ్మిండట."

వెనక నుంచి కారు హారన్ కొట్టింది. గేటు తీయడానికి వెళ్లాడు. నేను ఇంకాసేపు నిలబడ్డాను. అతను తిరిగి నా వైపు రాలేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు సలహా అడుగుతారు. రెండు సంగతులు చెబుతాను. షాట్‌కు మీరు పెట్టే పేరు మీ సౌకర్యం కోసం, గుర్రానికి ఆ పేరు తెలియదు. గుర్రాన్ని పెంచినవాడు మాట మొదలుపెడితే, ఎండ పోయినా సరే, అది పూర్తయ్యేదాకా నిలబడి వినండి. రెండోది రిపోర్టు గురించి. రిహార్సల్ చేయకపోతే ఆ గడిలో "చేయలేదు" అని రాయండి. ఆ ఒక్క మాట రాయడానికి నాకు మూడేళ్లకు పైగా పట్టింది. రాసేనాటికి దానితో ఎవరికీ పని లేకపోయింది.