చదవకుండా వదిలిన తండ్రి పేరు

హైదరాబాదు పాతబస్తీ, జహనుమాలోని మా గల్లీలో ఇప్పటికీ ఒక మాట అంటారు. ఆ వెల్డరు ఎన్నికలప్పుడు అవతలి పార్టీవైపు కలిశాడని, అందుకే ఇల్లమ్ముకుని వెళ్లిపోయాడని. అది అబద్ధం. దానికి మొదలు నేను. ఇరవై ఏళ్లకు పైగా ఆ మాట వింటూ ఊరుకున్నాను. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆయన బస్సు డిపోలో వెల్డరు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. మా కులమే, పద్మశాలి. నేను అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక ఆఫీసులో టెంపరరీ గుమాస్తాను. పొద్దున ఇద్దరం సైకిళ్ల మీద కలిసే బయలుదేరేవాళ్లం. ఆయన పేరు మాత్రం, మనిషిని చూడకుండా వింటే, ముస్లిం పేరే అనిపించేది. ఇద్దరు పిల్లలు పుట్టి పోయాక వాళ్లమ్మ దర్గాలో మొక్కుకుంది. ఆ తర్వాత పుట్టినవాడికి ఆ పేరు పెట్టుకుంది. మా వైపు అదేం వింత కాదు. అలాంటి పేర్లున్న హిందువులు ప్రతి బస్తీలోనూ ఒకరిద్దరుండేవారు. ఎవరోళ్లు, ఏ కులమని ఎవరూ అడిగేవారు కాదు.

డెబ్బయ్యో దశకం చివరలో వచ్చిన ఒక ఎన్నికలో మా కులం మనిషి పోటీకి నిలబడ్డాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం కుల సంఘం పెద్దమనిషి ఓటర్ల జాబితా చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయనకు దొరికిన కాపీ ఉర్దూలో ఉంది. ఆయనకు ఉర్దూ చదవడం రాదు. నేను బడిలో నేర్చుకున్నాను. ఆయన మంచం మీద కూర్చున్నాడు, నేను చాప మీద పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.

"మనోళ్లకు నిలువు గీత కొట్టు తమ్మీ. హరిజనులకు రెండు గీతలు. కిరస్తానోళ్లకు శిలువ. సాయిబులకు సున్న."

"సున్న ఎందుకు?"

"ఆడికెళ్లి మనకు వచ్చేది సున్ననే కద," అని తనే నవ్వాడు. "ఎవరోళ్లో తెల్వకపోతె కొక్కెం పెట్టు."

కొక్కెమంటే ప్రశ్న గుర్తు. నేను ఇంటి నంబరు, పేరు, తండ్రి పేరు పైకి చదవడం, ఆయన కులం చెప్పడం, నేను గుర్తు పెట్టడం. మా గల్లీ వచ్చేసరికి ఆయన ముందుకు వంగాడు.

"మీ గల్లీ మొత్తం మనదే కద?"

"మొత్తం మనదే. నేను చూస్కుంట," అన్నాను. మనవాడు గెలిస్తే నా నౌకరీ పర్మనెంట్ చేయిస్తానని అంతకుముందే చెప్పి ఉన్నాడు.

కానీ ముందు రోజే వెల్డరును అడిగాను.

"అన్నా, మనోడు నిలబడ్డడు. నీవి, వదినెవి రెండోట్లు మనకే కద?"

"మనోడా? ఎన్నడన్న మన గల్లీ మొఖం చూసిండా?"

"కులపోడే అన్నా."

"కులపోడైతె మగ్గం మీద కూసోమను, ఒక టవాలన్న నేస్తడేమో చూస్త." నా వీపు మీద ఒక్కటి చరిచాడు. "నేనెవరికి ఏస్తనో నా పెండ్లానికే చెప్పలే. నీకు చెప్తనా?"

జాబితాలో ఆయన పేరు వచ్చింది. చదివాను. పెద్దమనిషి తలెత్తాడు.

"ఎవరోళ్లు? సాయిబా?"

తండ్రి పేరు పక్క గడిలోనే ఉంది. అనుమానానికి తావు లేని పద్మశాలి పేరు. అప్పటిదాకా ప్రతివాడి తండ్రి పేరూ చదివినవాణ్ణి, అదొక్కటి చదవలేదు. మనవాడే అయ్యుండి మాటివ్వలేదంటే నా చేతకానితనం బయటపడుతుంది. మనవాడు కాకపోతే ఆ బాధ లేదు.

"ఏమో," అన్నాను.

"మీ గల్లీ మనిషే కద, ఏమో ఏంది?"

"మొహర్రంల షర్బత్ పంచుతడు."

అది నిజమే. ఆయన సాయిబని నా నోటితో నేను అనలేదు. కొక్కెం పెట్టాను.

నిలువు గీత ఉన్న ఇళ్లకు ఓటరు చీటీలు అందాయి. ఆయనింటికి రాలేదు. పోలింగు రోజు బడి బయట రోడ్డుకు ఇటు మాదొక టేబులు, అటు ముస్లింల పార్టీదొక టేబులు వేశారు. మా టేబులు వెనక జాబితాతో నేను కూర్చున్నాను. ఆయనా, భార్యా చీటీ కోసం వచ్చారు. వేరే బస్తీ నుంచి వచ్చిన కార్యకర్త ఒకడు పేరడిగి, కొక్కెం చూసి, రోడ్డవతలికి చెయ్యి చూపించాడు.

"నీది గా టేబుల్ భాయ్."

"ఏందయ్యా," అంది ఆమె, "నా మొగుడు నీకు ఎప్పటిసంది భాయ్ అయిండు?"

ఆయన నా వైపు చూశాడు. నేను కాగితాలు తిప్పుతూ కూర్చున్నాను. వాళ్లు అవతలి టేబులు దగ్గరికి వెళ్లారు. అక్కడివాళ్లు ఆమె బొట్టు చూసి, "అమ్మా, ఆప్ కా నామ్ ఉధర్ హోగా," మీ పేరు అటే ఉంటుందని మర్యాదగానే మా వైపు తిప్పి పంపారు.

ఆయన రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. "నడుమ నాకో స్టూలన్న ఏయుర్రి, ఈడ్నే కూసుంట," అని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. చీటీ దొరక్క ఇద్దరూ ఓటు వేయకుండా ఇంటికి వెళ్లిపోయారు.

మా మనిషి ఓడిపోయాడు. ఎందుకు ఓడిపోయాడో అందరికీ ఒక కారణం కావాలి. "గా టేబుల్ కాడ నిలబడ్డడు, నేను కండ్లార చూసిన," అని ఒకడన్నాడు. చూసిన మాట నిజమే కాబట్టి మిగతాది కూడా నమ్మేశారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

తర్వాతి ఏళ్లలో హిందూ ముస్లిం గొడవలు, కర్ఫ్యూలు వచ్చాయి. గల్లీ మొదట్లో ఇనుప గేటు పెట్టాలనుకున్నారు. దాన్ని వెల్డింగు చేసిపెట్టింది ఆయనే. తాళం చెవులు ఇంటికొకటి పంచారు. ఆయనింటికి ఇవ్వలేదు. "అటు సంబంధమున్నోనికి చెవి ఎట్లిస్తం?" అన్నారు. తన చేత్తో అతికిన గేటు ఎవరైనా తెరిచేదాకా సైకిలు పట్టుకుని ఆయన బయట నిలబడడం నేను రెండుసార్లు చూశాను. గేటు పెట్టిన ఏడు ఎండాకాలంలోనే ఇల్లమ్మి సంతోష్‌నగర్ వెళ్లిపోయాడు.

పోయిన ఏడు ధైర్యం చేసి అక్కడికి వెళ్లాను. ఆయనకు చూపు తగ్గింది, నా గొంతు గుర్తుపట్టి కూర్చోమన్నాడు. జాబితా సంగతంతా చెప్పాను.

"తెల్సు తమ్మీ. గల్లీల ఉర్దూ చదువొచ్చేటోనివి నువ్వొక్కనివే కద."

"మరి ఎందుకడుగలే అన్నా?"

"అడిగితె చెప్తుంటివా?" చాయ్ కప్పు నా వైపు జరిపాడు. "గిప్పుడు నాకు చెప్పి ఏం ఫాయిద? నా తండ్రి పేరు నాకెరుకే. గల్లీల చెప్పు."

చెప్పాను. సాయంత్రం గేటు దగ్గర కూర్చునే నలుగురు పెద్దవాళ్లకు మొత్తం చెప్పాను. ఒకాయన చివరిదాకా విని తలూపాడు.

"నువ్వు చదువలేదే అనుకో. అయినా ఊకెనే ఎవల్నన్న గట్లంటరా? ఏదో ఉండే ఉంటది."

ఇంకొకాయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఇన్నేండ్లకు గిప్పుడొచ్చి చెప్తున్నవ్. ఏంది సంగతి, ఆయన్ని కలుస్తున్నవా?"

"కలిసిన," అన్నాను.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడు నేను గేటు తాళం తీస్తుంటే అక్కడ కూర్చున్నవాళ్లు నన్ను చూసి మాట మార్చారు.