చెక్కకు అంటని కుంకుమ

ఈ సంగతి రాసి మన తెలుగు సంఘం పత్రికకు మూడుసార్లు పంపాను. మొదటిసారి జవాబే లేదు. రెండోసారి, "తుపాకుల గురించి మనవాళ్లు చదవరండీ" అన్నారు. మూడోసారి పంపిన నెలలో ఆవకాయ జాడీ మూత ఎలా బిగించాలో రెండు పేజీల వ్యాసం వేశారు. ఆ సంచిక ఇప్పటికీ నా దగ్గర ఉంది. మనవాళ్లు చదవకపోతే పోనీ, కొంటున్నారు కదా. కొనేవాడికైనా తెలియాలి.

2022 మార్చి నెల. టెక్సస్‌లో ఫ్రిస్కో దాటి ఉత్తరంగా నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే మా తుపాకుల దుకాణం వస్తుంది. పాత వేట రైఫిళ్లు చూసి, నాణ్యత తేల్చి, విలువ కట్టడం నా పని. అంతకుముందు హైదరాబాద్ బాలానగర్‌లో ఒక మెషిన్ షాపులో ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. ఎదుటివాడు "కరెక్ట్‌గా ఉంది" అన్నాక మళ్లీ కొలవడం అక్కడ అలవాటైంది. దుకాణం యజమాని డేల్‌కి మూర్తి అనే పేరు నోరు తిరగదు. పంతొమ్మిదేళ్లుగా నన్ను మర్ఫీ అంటున్నాడు. నేను ఒక్కసారి కూడా ఆ పేరుకు నవ్వలేదు.

ఈ వ్యాపారంలో "కస్టమ్" అన్నంత మోసకారి మాట ఇంకొకటి లేదు. పక్కింటాయన గరాజ్‌లో కొత్త గొట్టం బిగించినా కస్టమే. "ఫ్యాక్టరీ కస్టమ్" అంటే అది కాదు. తయారు చేసిన కంపెనీయే, తన ప్రత్యేక విభాగంలో, ఒక మనిషి ఆర్డర్ మీద, అతను ఎంచుకున్న చెక్కతో కట్టిన రైఫిల్. అది గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటేనే దానికి విలువ. తర్వాత ఎవరు ఎంత అందంగా మార్చినా విలువ పడిపోతుంది.

అందుకే మెరుపు కనిపిస్తే నాకు అనుమానం. ముందు ఇనుము మీద చెక్కిన అక్షరాలు చూస్తాను. మళ్లీ పాలిష్ పట్టి ఉంటే అక్షరాల అంచులు కరిగినట్టు ఉంటాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ సాసర్‌లా పల్లం పడుతుంది. తర్వాత స్టాక్, అంటే భుజానికి ఆనించే చెక్క భాగం. ఇనుము కలిసే చోట కొత్తలో చెక్క వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. ఇనుము కన్నా పల్లంగా ఉందంటే ఎవరో గీకేశారన్నమాట.

ఆ శనివారం ఫ్రిస్కో నుంచి ప్రసాద్, ఆయన భార్య లక్ష్మి వచ్చారు. ఆయనకు నలభై ఐదేళ్లు ఉంటాయి, సాఫ్ట్‌వేర్. కేసు తెరిచి బల్ల మీద పెట్టాడు. వాల్‌నట్ చెక్కతో చేసిన మంచి ఫ్యాక్టరీ కస్టమ్ రైఫిల్.

"సార్, దీన్ని సేల్‌కి పెడదామని జనవరిలో ఒక ఆక్షన్ హౌస్‌కి ఇచ్చాను. నిన్న రిటర్న్ చేశారు. ఇది చూడండి."

చిన్న చీటీ. 'స్టాక్ మార్చబడింది, అసలుది కాదు' అని ఒక్క వాక్యం. కింద సంతకం బదులు రెండు పొడి అక్షరాలు. విలువ సగానికి పైగా తగ్గించారు. పైగా, కావాలంటే ఆ ధరకు తామే కొంటామని రాశారు. ఆ చివరి మాట దగ్గరే నా చెవులు నిక్కాయి.

"ఎవరి దగ్గర కొన్నారు?"

"వాల్టర్ అని, నా ఫస్ట్ మేనేజర్. ఇప్పుడు ఎనభై ఒకటి. ముసలివాళ్ల అసిస్టెడ్ లివింగ్ హోమ్‌లో ఉన్నాడు. హంటింగ్ నేర్పిందే ఆయన. తన కోసం ఆర్డర్ ఇచ్చి చేయించుకున్నాడట, ఒక్క స్క్రూ మార్చలేదని ప్రామిస్ చేసి ఇచ్చాడు. రాత్రి మెయిల్ కొట్టాను, నన్ను బకరా చేశావని. పొద్దుట్నుంచి రెండుసార్లు కాల్ చేశాడు. నేను లిఫ్ట్ చేయలేదు."

"నేను వద్దంటూనే ఉన్నానండీ," అంది లక్ష్మి. "ఆయన అట్లాంటి మనిషి కాదు. అన్నయ్యగారూ, ఒక్క మాట చెప్తాను..."

"ఉండమ్మా, ముందు చూడనివ్వండి," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

విప్పి చూశాను. ఇనుము మీద నంబర్ సరిగ్గా ఉంది. అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి. ఆ కంపెనీ చెక్క లోపలి గాడిలో రైఫిల్ నంబర్ చివరి అంకెలు వేస్తుంది. ఈ చెక్కలో అంకెలు లేవు. చీటీలో రాసింది అబద్ధం కాదు, స్టాక్ మారింది. కానీ ఎప్పుడు? అది చీటీలో లేదు. లోపలి గాడిలో చెక్క తాజాగా ఉంది, ఏళ్ల తరబడి దిగిన నూనె నలుపు లేదు. ప్రసాద్ దగ్గర రైఫిల్ ఐదేళ్లుగా ఉంది. నాకు వాల్టర్ కన్నా ముందు ప్రసాద్ మీదే అనుమానం వచ్చింది. తానే ఎక్కడో విరగ్గొట్టి, మార్చి, ముసలాయన మీదకు తోస్తున్నాడేమో అనుకున్నాను.

అప్పుడు కింది ఇనుప మూత అతుకులో ఎర్రగా కనిపించింది. తుప్పు అనుకుని విలువ తగ్గించే కాలమ్‌లో రాయబోయాను.

"అది తుప్పు కాదు, కుంకుమ," అంది లక్ష్మి. "అదే చెప్పబోయాను. దసరాకి ఆయుధపూజ చేస్తాం కదా. ల్యాప్‌టాప్‌లు, కారు, ఇది. గొట్టానికి ఒకటి, ఇక్కడ ఒకటి, చేత్తో పట్టుకునే చోట చెక్క మీద ఒకటి, మూడు బొట్లు. ప్రతి ఏడూ నేనే పెడతాను."

"తుపాకీకి బొట్టేంటి అని నేను నవ్వేవాణ్ణి సార్," అన్నాడు ప్రసాద్.

"నవ్వండి. ఇప్పుడు అదే పనికొస్తోంది," అందావిడ.

టూత్‌పిక్‌తో ఆ ఎరుపు తీసి తెల్ల కాగితం మీద పెట్టాను. డేల్ ఐస్ టీ గ్లాసులోంచి నిమ్మచెక్క తీసి ఒక్క చుక్క పిండాను. పసుపు, సున్నం కలిపి చేసిన కుంకుమ పులుపు తగిలితే మళ్లీ పసుప్పచ్చగా తిరుగుతుంది. తుప్పు తిరగదు. తిరిగింది.

"మర్ఫీ, అది నా టీ," అన్నాడు డేల్.

చేత్తో పట్టుకునే చోట చెక్క మీద చెకరింగ్ ఉంటుంది, జారకుండా అడ్డం నిలువు కోసిన సన్న గాట్లు. భూతద్దంతో ప్రతి గాటూ చూశాను. ఎరుపు నలుసు కూడా లేదు. తుడిచి ఉంటారేమోనని దుకాణంలోని పాత స్టాక్ ముక్క మీద లక్ష్మి చేత, ఆమె బ్యాగులోని కుంకుమే తడిపి పెట్టించి, ఆరాక బ్రష్‌తో తోమాను. పైన పోయింది, గాట్ల అడుగున మిగిలింది. ఐదు దసరాల బొట్లు ఇనుము అతుకులో ఉండి, చెక్క గాట్లలో లేకపోవడం కుదరదు.

"ప్రసాద్ గారూ, ఆయనకు ఫోన్ చేయండి. ఆ చెక్క ఎలా ఉండేదో అడగండి."

స్పీకర్‌లో పెట్టాడు. వాల్టర్ హలో అనలేదు.

"రెండుసార్లు చేశాను, ఎత్తవేం? నీ ఫోన్ కోసం నడుం విరిగేలా కుర్చీలో కూర్చోబెట్టావు. పైగా దొంగ అంటావా కుర్రాడా?"

"వాల్టర్, ప్లీజ్. ఆ చెక్క మీద ఏదైనా గుర్తు ఉందా?"

"గుర్తేమిటి, దాన్ని చూసే కదా ఎంచుకున్నాను. ఆరు పలకలు చూపించారు. ఎడమ పక్క, బొటనవేలు ఆనే చోట, వాగు రెండుగా చీలినట్టు నల్ల చార. ఐదేళ్లు పట్టుకుని కూడా చూడలేదా?"

మా ముందున్న చెక్క మీద ఏ చారా లేదు. లక్ష్మి ఫోన్‌లో కిందటి దసరా ఫోటో తీసి పెద్దది చేసింది. బంతిపూలు, ల్యాప్‌టాప్‌లు, కారు తాళాలు. పూల మధ్య ఎడమ పక్క పైకి కనిపించేలా పెట్టిన రైఫిల్. ఎర్ర బొట్టు. దాని పైన రెండుగా చీలిన నల్ల చార.

"సారీ వాల్టర్," అన్నాడు ప్రసాద్.

"సారీలు తర్వాత. రైఫిల్ గొట్టం శుభ్రం చేస్తున్నావా లేదా?"

ఆ సాయంత్రమే భార్యాభర్తలిద్దరూ కారేసుకుని వాల్టర్ దగ్గరికి వెళ్లారు. రైఫిల్ అమ్మడం మానుకున్నారు.

నేను ఆ ఆక్షన్ హౌస్‌కి రిపోర్ట్ రాశాను. డేల్ చదివి, "కుంకుమ, పూజ అని రాస్తే నవ్వుతారు. తీసేయ్. పైగా వాళ్లు మనకు గిరాకీ పంపేవాళ్లు," అన్నాడు. నేను తీయలేదు. దుకాణం లెటర్‌హెడ్ ఇవ్వనన్నాడు. మామూలు తెల్ల కాగితం మీద ఫోటో జతచేసి పంపాను. జవాబు లేదు. రెండో ఉత్తరానికీ లేదు. మూడోది రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపితే అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. ప్రసాద్ ఫోన్ చేస్తే ఫైల్ క్లోజ్ అయిందన్నారట.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. స్టాక్ మారిందని తేల్చడం సగం పనే, ఎప్పుడు మారిందో తేల్చాలి. ఇనుమూ చెక్కా ఒకే ఇంట్లో ఒకే కాలం బతికితే ఆ ఇంటి మరకలు రెండింటి మీదా ఉండాలి. నూనె, చెమట, వాన, కుంకుమ, ఏదైనా సరే. ఇంకొకటి, ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది. ఆ ఇంట్లో రైఫిల్‌ను ఏటా చేత్తో తాకి చూసిన మనిషి నా ఎదుటే నిలబడి చెప్పబోతే, ఉండమ్మా అన్నాను. ఇప్పుడు భార్యాభర్తలు వస్తే ముందు ఆమెనే అడుగుతున్నాను.

చెక్క ఎవరు మార్చారో నాకు తెలియదు. పనివాడో, యజమానో, మధ్యలో ఇంకెవరో. ఎప్పుడు మారిందో మాత్రం తెలుసు. దసరా ఫోటోకీ మార్చి చీటీకీ మధ్య ఆ రైఫిల్ ప్రసాద్ ఇంట్లోనూ ఆ ఆక్షన్ హౌస్‌లోనూ తప్ప ఇంకెక్కడా లేదు. చీటీ కింద రెండు పొడి అక్షరాలు వేసిన పెద్దమనిషీ, మీ పూర్తి పేరు కూడా నాకు అక్కర్లేదు. జనవరిలో ఆ రైఫిల్ మీ చేతికొచ్చినప్పుడు ఎడమ పక్క చీలిన నల్ల చార ఉందా, లేదా? ఉంటే, ఆ చెక్క ఇప్పుడు ఏ రైఫిల్‌కి ఉంది? జవాబు చెప్పండి.