తొట్టి అడుగు నల్ల ఇసుక

ఇది ఎవరో చెప్పగా విన్న కత కాదమ్మా. నాకే జరిగింది. అబద్ధమైతే రేపు నా మనవడు ఏసుకుపోయే తెప్ప ఒడ్డుకు రాకూడదు... వలలేసే ఇంట పుట్టిన ఆడది ఇంతకంటే పెద్ద ఒట్టు వెయ్యలేదు.

పందొమ్మిదొందల అరవై దాటిన కొత్త. తడ ఊరికి అవతల, పులికాటు నీళ్ళు సముద్రంలో కలిసే చోట, చేపల సంగతులు రాసుకునే ఒక చిన్న ఆఫీసు ఉండేది. రెండు గదులు. లోపలి గదిలో ఒక సిమెంటు తొట్టి. మనిషి పడుకునేంత పొడుగు, ముందువైపు అద్దం. నిండా సముద్రం నీళ్ళు. అడుగున జానెడు మందాన ఇసుక. ఆ ఇసుక గంపల్తో మోసింది మా ఆయనే. ఆడ జవాను పని ఆయనది. మొగుడి పేరు చెప్పకూడదంటారు. చెప్తా. పోలయ్య.

ఆఫీసుకు పెద్ద ఒక సూపర్నెంటు. ఆ పేరు మాత్రం నా నోటితో పలకను.

ఆ ఏడు కార్తీకంలో గాలి లేచింది. సద్ది తీసుకోని పోయి గుమ్మంలో నిలబడి ఉండా. లోపల మాటలు నా చెవుల్తో విన్నా.

"దొరా, ఈ గాలికి తెప్ప నిలవదు. రెండు దినాలు ఆగుదాం."

"పై ఆఫీసు పెద్దాయన చూడ్డానికొస్తుంటే తొట్టి బోసిగా ఉంది. రాళ్ళ దగ్గర రంగు చేపలుంటాయిగా. తెస్తావా, పని మానుకుంటావా?"

పోయినాడు.

మూడో దినం తెప్ప ఒక్కటే వచ్చింది. దానికి కట్టిన మూతబుట్ట నీళ్ళల్లో తేల్తా ఉంది. బుట్టలో రెండు చేపలు... పసుపు చారలవి. బతికే ఉండాయి. మనిషి లేడు. శవం కూడా దొరకలా. సూపర్నెంటు పరిగెత్తుకోని వచ్చి ముందు బుట్ట తీసుకున్నాడు. ఆ తరవాతనే నా మొకం చూసినాడు.

విచారణకు వచ్చినోళ్ళకు ఏం రాసిచ్చినాడో తెలుసా? 'వద్దంటే వినకుండా తాగి పోయినాడు' అని. కల్లుముంత ముట్టని మనిషమ్మా ఆయన! నేను విన్నానయ్యా అంటే, ఆడదాని ఏడుపులే అన్నారు.

పైగా జాలి చూపించినట్టు నన్నే ఊడ్చే పనికి పెట్టుకున్నాడు. తొట్టి కడిగేదీ నేనే. రబ్బరు గొట్టం ఒక కొస నీళ్ళల్లో పెట్టి, ఇంకో కొస నోటితో పీల్చి బక్కెట్లోకి వదలాల. పై ఇసుకను వేళ్ళతో మెల్లిగా కదిలిస్తే మురికి గొట్టంలోకి పోతాది. పైపైనే. మొదటి దినమే చెప్పినాడు. "అడుగు ముట్టుకోవద్దు. కింద నల్లగా కుళ్ళి ఉంటుంది. అది లేచిందా, తెల్లారేసరికి ఒక్క చేప మిగలదు."

ఆ మాట నేను మర్చిపోలా.

పెద్దాయన రాక అప్పుడు గాలివానకు ఆగిపోయిందంట... మళ్ళా మాఘంలో వస్తా ఉండాడని కబురు. ముందు దినం సాయంత్రం సూపర్నెంటు నన్ను పిలిచినాడు. "తొట్టి అద్దంలా ఉండాలి. ఎంత పొద్దుపోయినా సరే." పక్కనే ఆయన ఇల్లు. అన్నానికి పోయినాడు.

నేనొక్కదాన్నే. దీపాలు పెట్టి చానాసేపయింది. లాంతరు నేల మీద పెట్టినా. వెలుగు మోకాళ్ళ దాకే. బయట అలల చప్పుడు. గొట్టం లోంచి నీళ్ళు... బక్కెట్లో... టప్... టప్...

అద్దం కాడ ఆ రెండు చేపలు. నన్నే చూస్తా ఉండాయి.

మీకోసమా నా మనిషి పోయింది అనుకున్నా. గొట్టం తీసి పారేసినా. పీటెక్కినా. భుజం దాకా చెయ్యి దించి, వేళ్ళు ఇసుకలో గుచ్చినా. పైన వదులుగా ఉంది. కింద గట్టిగా, చల్లగా... ఇంకా కింద మెత్తగా. బురద. పిడికిలితో పట్టి పైకి లాగినా. నల్లగా పొగ మాదిరి లేచింది. కుళ్ళిన గుడ్ల కంపు. ఆపలా. మళ్ళా గుచ్చినా. మళ్ళా...

మూడోసారి.

వేళ్ళ సందుల్లోకి... వేళ్ళు వచ్చినాయి.

గవ్వలు కాదు. పీత కాదు. పీత కరిస్తే తెలీదా నాకు? మెల్లిగా... ఒకటొకటిగా... నా వేళ్ళ మధ్యన దూరినాయి. లాగలా. నొక్కలా. ఊరికే పట్టుకున్నాయి. నేను లెక్కబెట్టినా. బొటనేలు. తరవాతది... సగమే ఉంది. మా ఆయన చూపుడేలు సగం వలతాడు కోసుకోనిపోయింది, మా పెళ్ళికి ముందే.

ఎంతసేపో తెలీదు. అట్లనే నిలబడ్డా.

"ఏమే, ఏమిటీ కంపు?"

సూపర్నెంటు! ఆ గొంతు వినంగానే లోపల చెయ్యి వదిలేసింది. ఆయన వచ్చి తొట్టి చూసినాడు. అంతా నలుపే. "అడుగు కదిలించావా, రాక్షసీ!" నన్ను పీట మీదనించి తోసేసినాడు. తనెక్కినాడు. చొక్కా చెయ్యి కూడా మడవలా. ఆ రెండు చేపలన్నా దక్కించుకుందామని చెయ్యి దించి తడుముతా ఉండాడు... తడుముతా...

ఆగిపోయినాడు.

"వదులు."

నేను నేల మీదనించి లేచినా.

"చెయ్యి వదలవే!"

"నేను పట్టుకోలేదు సామీ."

కిందికి వంగిపోతా ఉండాడు. భుజం మునిగింది. ఒక చెవి మునిగింది. గడ్డం నీళ్ళకు తగిలింది. నాకు భయం వెయ్యలా. అదే నాకిప్పటికీ ఆశ్చర్యం. తొట్టి అంచు పట్టుకోని, వంగి, పైకున్న చెవిలో అడిగినా.

"మా ఆయన తాగినాడా?"

"చచ్చిపోతా... లాగవే..."

"తాగినాడా?"

"లేదు... లేదు!"

"ఎవరు పంపినారు?"

నోట్లోకి నల్ల నీళ్ళు పోయినాయి. బుడగలు. "నేను... నేనే పంపాను."

"మళ్ళా చెప్పు."

మూడుసార్లు చెప్పించినా. మూడోసారి అనంగానే ఆయన ఎగిరి వెనక్కి పడినాడు. మణికట్టు తుండుగుడ్డతో చుట్టుకోని, లాంతరు తన్నుకుంటా, బయటికి ఉరికినాడు. ఆ చేతి మీద ఎన్ని వేళ్ళ గుర్తులుండాయో చూద్దామనుకున్నా. చూడనివ్వలా.

తెల్లారేసరికి చేపలన్నీ తేలినాయి. ఆ రెండూ కూడా. పెద్దాయన వచ్చి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోని పోయినాడు. సూపర్నెంటు నెల తిరక్కముందే బదిలీ చేయించుకోని ఊరొదిలినాడు. పోతా పోతా అందరితో చెప్పినాడంట... 'ఆ ముండ నా చెయ్యి పట్టి ముంచి చంపబోయింది' అని. నా ముందర ఒప్పుకున్న మాట మాత్రం యాడా రాయలా. ఆ కాయితంలో నా మొగుడు ఇప్పటికీ తాగుబోతే.

మా అత్తకు ఒక్కదానికే అంతా చెప్పినా. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గదా. కన్నార్పకుండా విని, ఒకే మాట అడిగింది.

"అప్పుడు నీ కుడిచెయ్యి యాడుందమ్మా?"

తొట్టి అంచు మీద ఉందని చెప్పబోయినా... ఎడంచెయ్యి గుర్తుంది. సిమెంటు గరుకు గుర్తుంది. కుడిచెయ్యి... తెలీదు. చీకటి. భుజం దాకా ముందే తడిసి ఉంది. ఎట్లా తెలుస్తాది?

నా చెయ్యే అనుకుంటే, అంత మనిషిని వంచే బలం నాకు యాడిది? మా ఆయన చెయ్యే అనుకుంటే... ఏమో. ఇన్నేళ్ళయింది, తేలలా.

ఒకటి మాత్రం చెప్తా. నిజం చెప్పంగానే అది వదిలేసింది.

నేనైతే వదిలేదాన్ని కాదు.