మద్దెల నిజంగానే ఓడైతే

నా చిన్నప్పుడు పదో తరగతి లెక్కల పేపరు చివర ఒక వెసులుబాటు ఉండేది. జామెట్రీ ఒకటి, గ్రాఫు ఒకటి ఇచ్చి, రెండింట్లో ఏదో ఒకటి రాస్తే చాలనేవాళ్ళు. మా సారు జామెట్రీ మాత్రమే చెప్పారు. తమిళనాడులో జవళగిరి పక్కన ఉన్న మా తెలుగు బడికంతా లెక్కలు చెప్పేది ఆయనొక్కరే, రెండూ చెప్పే తీరిక ఆయనకెక్కడిది? అందరూ జామెట్రీయే రాయండి, గ్రాఫు జోలికి పోకండి అని చెప్పి నిశ్చింతగా ఉండేవారు.

చిక్కంతా నాకే వచ్చింది. నేను గీసిన వృత్తం ఎన్నడూ మొదలుపెట్టిన చోటికి వచ్చి కలిసేది కాదు. వృత్తమే కలవకపోతే దానికి స్పర్శరేఖలేం గీస్తాం! అన్నీ వరసగా చేసుకుంటూ పోయి చివరికి చూస్తే, అంచును తాకి ఊరుకోవలసిన గీత వృత్తాన్ని కోసుకుంటూ పోయేది. కంపాసు జారుతోంది సార్ అని ఒకసారి అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నది నీలాంటిదే అన్నారాయన. తరగతంతా గొల్లుమంది. ఇంట్లో చెప్పుకుంటే మా అవ్వ కూడా ఆ సామెతే చెప్పింది. నలుగురూ ఒకే మాట అంటుంటే నిజమే కాబోలు అనిపిస్తుంది కదా. ఆ తర్వాత నేను కంపాసును ఏమీ అనలేదు. నా చెయ్యే మంచిది కాదనుకున్నాను.

మా నాయన గొర్రెలు కాసేవాడు. కోపిష్టి కాదు. అర్ధసంవత్సరం పరీక్షలో నేను లెక్కలు తప్పానని తెలిసిన రోజు కూడా మజ్జిగ తాగుతూ మామూలుగానే అన్నాడు. "పెద్ద పరీచ్చలో గూడా తప్పితే గొర్రెలెంబడి పోమ్మా. ఇంకో తూరి రాసేదంతా వద్దు." గొర్రెలంటే నాకు భయం లేదు, అవి నా మాట బాగానే వినేవి. కానీ ఒకసారి కట్టె చేతికొస్తే ఇంక పుస్తకం చేతికి రాదని మా ఊరి ఆడపిల్లల్ని చూసి నాకు తెలుసు.

అలాంటప్పుడు మా మేనమామ కుప్పం సంతకు పోయి, వస్తూ వస్తూ నాకొక లెక్కల గైడు తెచ్చాడు. మా వైపు తెలుగులో గైడు కనబడటమే అపురూపం. అందులో గ్రాఫుల పాఠం చూడగానే ప్రాణం లేచి వచ్చింది. కంపాసుతో పనే లేదు, చుక్కలు పెట్టి స్కేలుతో కలిపితే అయిపోయింది! జామెట్రీ వదిలేసి గ్రాఫు సొంతంగా నేర్చుకుందామనుకున్నాను. వారం తిరిగేలోగా అందులో ఉన్న లెక్కలన్నీ చూసి చేసేశాను. నా పక్కన కూర్చునే అమ్మాయి మాత్రం, రెంటికీ చెడ్డ రేవడివి అవుతావే అని బెదరగొట్టింది. దాంతో ఎటూ తేల్చుకోలేక, గైడు చంకన పెట్టుకుని పక్కింటి అక్క దగ్గరకు వెళ్ళాను.

అక్క కావేరిపట్టణం నుంచి మా వీధికి కోడలుగా వచ్చింది. తమిళంలో చదివి పది పాసైంది. తెలుగు మాట్లాడేది గానీ చదవడం రాదు. నేను వెళ్ళేసరికి పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని, ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో నొక్కి తోలు ఊడదీస్తూ కూర్చుంది. నా గోడంతా విని సలహా ఏమీ చెప్పలేదు. గిన్నె నా వైపు జరిపి, వీటిని పితుకుతా ఆ గ్రాఫేందో చెప్పు అంది.

అనపగింజలు పితికిన చేతులు ఎలా ఉంటాయో మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. తడి, జిగట. ఆ చేతులతో పుస్తకం ముట్టలేం. గైడు పక్కనే ఉంది, తెరిచే దారి లేదు. మొదటి లెక్క గడగడా చెప్పాను. రెండోది సగంలో ఆగింది. మూడోదానికి మొదలే గుర్తురాలేదు. చూసి చేస్తున్నప్పుడు అన్నీ వచ్చినట్టే ఉండేవి మరి! అక్క నవ్వనూ లేదు, మందలించనూ లేదు. ఇడిసిపెట్టేస్తానంటివే, దాన్ని గూడా చెప్పు అంది. సరేనని స్పర్శరేఖలు మొదలుపెట్టాను. ఏ చుక్క ఎక్కడ పెట్టాలి, ఏ గీతను సగం చెయ్యాలి, రెండో వృత్తం ఎందుకు గియ్యాలి, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎక్కడా ఆగలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

అక్క చెయ్యి కడుక్కుని గైడు తిరగేసింది. అక్షరాలు రావు కాబట్టి బొమ్మలే చూసింది. "ఇందులో అన్నీ తిన్న గీతలే ఉండాయే. మన పరీచ్చలో వచ్చేది వంపు గీతమ్మా. ఇది ఆ పక్కోళ్ళ పరీచ్చది" అంది. అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. తెలుగులో ఉంది కాబట్టి నా పరీక్షదే అనుకున్నాను. కుప్పం ఎంత దగ్గరైనా రాష్ట్రం వేరు, పేపరు వేరు.

తర్వాత నా కంపాసు తెమ్మంది. నేను దారం చుట్టి బిగించుకున్న కాలును వేలితో అలా తాకిందో లేదో, అది జర్రున జారింది. సిగ్గుపడి మద్దెల సామెత నా మీద నేనే చెప్పుకున్నాను. అక్క నవ్వేసింది. "మా పక్క ఆడలేనామె వీధి వంకర అనిందంట అంటారు. అయినా ఒకోతూరి వీధి నిజంగానే వంకరగా ఉంటుంది గదమ్మా. ముందు పోయి చూడాల."

లోపలికి వెళ్ళి పెట్టె అడుగు నుంచి తన కంపాసు తెచ్చి ఇచ్చింది. పెళ్ళయ్యాక కూడా చదివిస్తారన్న ఆశతో పుట్టింటి నుంచి చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకుందట. ఇంక నాకు దీంతో ఏం పనిలే, పెట్టుకో అంది. బాధపడుతూ అనలేదు. నాకు మాత్రం ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధే. గైడు వెనక అట్ట మీదే ఒక వృత్తం గీసి చూశాను. కలిసింది. ఏడుపొచ్చేసింది నాకు.

పరీక్షలో జామెట్రీయే రాశాను. గొప్ప మార్కులేమీ కావు గానీ పాసయ్యాను. పైచదువుకు హోసూరు వెళ్ళే రోజు మా నాయన నన్ను బస్సెక్కించి, గొర్రెలకు పొద్దుపోతుందని బస్సు కదలకముందే వెళ్ళిపోయాడు.

మొన్న మా మనవరాలు త్రికోణమితి తనకు అచ్చిరాలేదనీ, దాన్ని వదిలేసి ఫోనులో వీడియోలు చూసి సంభావ్యత సొంతంగా నేర్చుకుంటాననీ వచ్చింది. నేను అనపగింజలు నానబెట్టి, పితుకుతూ రెండు పాఠాలూ చెప్పమన్నాను. అదీ చెప్పలేకపోయింది, ఇదీ చెప్పలేకపోయింది. కళ్ళు బాగున్నాయా, పాఠం సరిగా వినబడుతోందా, ఆ వీడియోలు మన పుస్తకానివేనా అని అన్నీ అడిగాను. ఏ లోపమూ లేదు. "అయితే ఈ తూరి మద్దెల బాగానే ఉంది, ఆడడమే రాదు" అన్నాను. పో అవ్వా అని విసుక్కుని, చేతులు కడుక్కుని, త్రికోణమితి మొదటి పేజీ తీసింది.

అక్క ఇచ్చిన కంపాసు ఎన్ని ఇళ్ళు మారినప్పుడో ఎక్కడో పోయింది. ఎవరైనా నాకిది రాదు అంటే మాత్రం, ఆ సామెత నోటిదాకా వచ్చినా ఆపుకుని, ముందు మద్దెలను ఒకసారి తట్టి చూస్తాను.