అద్దంలో వెనకవాడి లైటు

మొన్న ఆదివారం పొద్దున్నే యాప్రాల్‌లో పాలప్యాకెట్లు పట్టుకుని రోడ్డు దాటబోతుంటే మోటార్‌సైకిళ్ల గుంపొకటి వచ్చి నన్ను ఆపేసింది. అందరివీ ఒకే రంగు జాకెట్లు. చూసేవాళ్లంతా ముందున్న పెద్ద బండిని చూశారు, నేను ఆఖరి బండి కోసం చూశాను. ఇది పత్రికలో పనిచేసేటప్పుడు అబ్బిన అలవాటు. చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోసేస్తాం కాబట్టి, కోసేముందు ఆఖరి పేరా ఒకసారి చదవమనేవాడు నాకు పని నేర్పిన పెద్దాయన. రిపోర్టరు పాపం అసలు సంగతి అక్కడే పెట్టి ఉంటాడట. ఈ గుంపులో ఆఖరివాడు బాగా వెనకపడ్డాడు. ముందువాళ్లను అందుకోవాలని ట్యాంకు మీదికి ఒంగి నడుపుతున్నాడు. ఆ ఒంగిన వీపు చూడగానే మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా అక్క భర్త. రాంగోపాల్‌పేట్‌లో ఇల్లు, రాణిగంజ్‌లో బేరింగుల దుకాణం. ఎవరైనా పాత బేరింగు తెస్తే చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, వాచీ బాగుచేసేవాడంత గంభీరంగా మొహం పెట్టి, "ఇంకొక వానకాలం చూస్తది, పో" అనేవాడు. కొనడానికి వచ్చినవాణ్ని అలా పంపేస్తే వ్యాపారం ఎలా సాగుతుందని అక్క తలకొట్టుకునేది. ఆ దుకాణం కూతురికి అప్పగించిన తర్వాత ఆయన ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. డాక్టరు దానికి ఒక పేరు చెప్పి, మందులిచ్చి, నెమ్మదిగా పెరుగుతుందన్నాడు. అందులో ఒక విచిత్రం ఉంది. చెయ్యి ఊరికే ఒళ్లో ఉన్నప్పుడు వణుకుతుంది, దేన్నయినా గట్టిగా పట్టుకుంటే ఆగిపోతుంది. ఆయన పాత మోటార్‌సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడంటే ఇక వణుకన్నది ఉండేది కాదు. అందుకే గుంపుతో కలిసి బండి మీద వెళ్లే ఆదివారం కోసం అంతగా ఎదురుచూసేవాడు. వారంలో ఆ చెయ్యి ఆయన మాట వినేది ఆ ఒక్క పూటే.

డాక్టరు బండి నడపడం ఇప్పుడే మానమనలేదు, ఎప్పుడు మానాలో మీకే తెలుస్తుందన్నాడు. ఆ మాట అక్కకు నచ్చలేదు. "తమ్మీ, ఆయన్ని ఆపుడు నాతోని గాదు. నువ్వు ఎనక ఉంటనంటే పోనిస్త. లేకుంటే తాళంచెవి బియ్యం డబ్బల ఏస్త" అంది. అప్పటికి నేను రిటైరయి ఇంట్లో కూర్చుని, పేపరులో తప్పులు చూసి పళ్లు కొరుక్కుంటున్నాను. జీవితమంతా ఆఫీసుకూ ఇంటికీ మధ్య తప్ప బండి నడిపి ఎరగను. అలాంటివాణ్ని బావకు కాపలా అయ్యాను.

మా గుంపు యాప్రాల్‌లో పోగయ్యేది. దానికి పెద్ద ఒక సుబేదార్ సాబ్. శ్రీకాకుళం వైపు నుంచి సైన్యంలోకి వెళ్లి, కంటోన్మెంటు వదల్లేక ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆయన పెట్టిన నియమం ఒకటే. "ఎవడి స్పీడు వాడిది. ఎవడూ ఎవడినీ తరమక్కర్లేదు. అద్దంలో వెనకోడి లైటు కనపడకపోతే నెమ్మదించాలి. మలుపు దగ్గర అది కనపడేదాకా ఆగాలి. అంతే." ఆ లెక్కన ఎవరి పూచీ వాళ్ల వెనకవాడే. ఎంత నిదానంగా నడిపేవాడైనా దారి తప్పడు, ఒంటరి కాడు. పైగా అందరూ తన కోసం ఆగుతున్నారన్న సంగతి కూడా వాడికి తెలియదు, తను చేరేసరికి ముందున్నవాడు అప్పుడే కదులుతూ ఉంటాడు కదా! బొల్లారం, తూంకుంట దాటి, శామీర్‌పేట అవతల పక్కదారిలో ఉన్న ఒక చాయ్ దుకాణం దాకా మా ప్రయాణం. బావ ఆఖరికి ముందువాడు, నేను ఆఖరివాణ్ని. నేను బావా అని పిలవడం విని గుంపంతా ఆయన్ను బావగారు చేసేసింది.

కాపలా అన్నానే గాని, వెనక బండి మీద ఉన్నవాడు చేయగలిగేది ఏముంటుంది? పక్కన కూర్చుంటే చెయ్యి పట్టుకోవచ్చు, వెనక సీట్లో ఉంటే భుజం తట్టొచ్చు. ఇక్కడ హారన్ కొడితే ముందువాడు ఉలిక్కిపడతాడు. అరిస్తే హెల్మెట్‌లో నా అరుపు నాకే వినపడుతుంది. ముందున్న మనిషి పడబోతుంటే అందరికంటే ముందు చూడగలను, అంతకు మించి ఏమీ చేయలేను. ఈ మాట అక్కకు చెప్పలేదు. చెబితే తాళంచెవి బియ్యంలోకి పోతుంది.

అలా ఒక చలికాలం హాయిగా గడిచింది. తర్వాత గుంపులోకి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చేరాడు. మంచివాడే, కాస్త నోరు ఎక్కువ. ఒకరోజు చాయ్ దగ్గర, "బావగారూ, మీ కోసం ఆగి ఆగి మా బండ్లకు నిద్రొస్తోందండీ" అన్నాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా బావ నవ్వాడు. గ్లాసు కింద పెట్టి, లేచి నా పక్కకు వచ్చాక మాత్రం గొంతు తగ్గించి అడిగాడు.

"బామ్మర్ది, మలుపుల కాడ వీళ్లు ఆగేది నా కోసమేనా?"

"అందరి కోసం బావా. అది రూలు."

"రూలు నాకు ఎర్కనే. ఎవరి కోసం అని అడుగుతున్న." హెల్మెట్ చేతిలోకి తీసుకుని మళ్లీ ఆయనే అన్నాడు, "ఇన్నొద్దులు నేను మంచిగ నడుపుతున్న అనుకున్న."

మరుసటి ఆదివారం తూంకుంట దాటగానే ఆయన వీపు ఒంగింది. వేగం పెంచాడు. ముందువాళ్లను అందుకోవడం తప్ప ఆయన తలలో ఇంకేం లేదని ఆ వీపే చెబుతోంది. పక్కదారిలోకి తిరగ్గానే మలుపులు మొదలవుతాయి. మొదటి మలుపులో చక్రం కంకర మీదికి పోయి, బండి ఒకసారి ఊగి, మళ్లీ తారు మీదికొచ్చింది. అప్పుడు నాకు తోచిన ఉపాయం ఒక్కటే. నేనే నెమ్మదించాను. నా లైటు అద్దంలో కనపడకపోతే బావ ఆగుతాడు, ఆగి తీరాలి, అదే నియమం. బండిని దాదాపు నడకలోకి దించి, ఆయన బ్రేకు లైటు ఎర్రబడుతుందని చూస్తూ ఉన్నాను. ఎర్రబడలేదు. ఆయన ఆరోజు అద్దమే చూడలేదు. మలుపు తిరిగి కనపడకుండా పోయాడు. ఇప్పుడు నేను వేగం పెంచి అందుకోవాలా, ఇలాగే ఉండాలా? వెనక నా బండి చప్పుడు దగ్గరకొస్తే ఇంకా ఉరుకుతాడేమోనని భయం. అలాగే మెల్లగా, ఒక్కొక్క మలుపు తిరిగే ముందు అవతల ఏం చూడాల్సి వస్తుందో అనుకుంటూ వెళ్లాను.

చాయ్ దుకాణం ముందు బావ బండి మీదే కూర్చుని ఉన్నాడు. హెల్మెట్ తీసేసి, చెమట కారుతూ, పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. "ఏందిరా బామ్మర్ది, గింత లేటు! ఇయ్యాల నా కోసం ఎవ్వడు ఆగలే, తెలుసా?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బావ వీపు తట్టాడు. నేను బావ మొహం చూడలేదు. ఎడమ చెయ్యి చూశాను. అది ఇంకా హ్యాండిల్ పట్టుకునే ఉంది. పట్టుకునే వణుకుతోంది. పక్కనున్న సుబేదార్ సాబ్ కూడా దాన్నే చూస్తున్నాడు. మా కళ్లు కలిశాయి.

ఆ తర్వాతి వారం సాబ్ బయలుదేరే ముందు, "బావగారూ, నేను చాలా రోజులు ముందు నడిచాను, బోరు కొట్టింది. ఇవాళ్టి నుంచి మీరు పదండి" అన్నాడు. బావకు అనుమానం రాలేదని నేననుకోను. కాని ముందు నడిచేవాడికి అందుకోవాల్సిన వాళ్లెవరూ ఉండరు. ఆయన వీపు మళ్లీ నిటారుగా నిలబడింది. అంత పెద్ద బండ్లన్నీ ఆయన వెనక, బడి పిల్లల్లా, ఆవుల మంద అడ్డొస్తే ఆగి, అది దాటాక కదిలి, ఆయన వేగంతోనే వచ్చేవి. ఆదివారాలు బావ బండి చప్పుడు కోసం గుమ్మంలో నిలబడి ఎదురుచూడటం అక్క ఆ రోజుల్లోనే మానేసింది.

వానలు పడకముందే ఒక ఆదివారం, యాప్రాల్‌లో అందరం ఇంజన్లు స్టార్ట్ చేసి ఉన్నాం. బావ క్లచ్ నొక్కబోయాడు. ఎడమ చేతి వేళ్లు ముడుచుకోలేదు. ఇంకోసారి, ఇంకోసారి. ఆయన వెనక మేమందరం వరుసగా ఉన్నాం. ఎవరికీ దిగాలని తోచలేదు, దిగి మాత్రం ఏం చేస్తాం? క్లచ్ ఇంకొకరు నొక్కిపెట్టేది కాదు. చివరికి ఆయన తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపేశాడు. ఆయన తర్వాత సాబ్, ఆయన తర్వాత ఒక్కొక్కరూ ఆపేశారు. బావ దిగి, హెల్మెట్ తీసి, నా దాకా నడిచి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "మీ అక్కకియ్యి. బియ్యం డబ్బల ఏసుకొమ్మను" అని నవ్వబోయాడు.

ఇప్పుడు అప్పుడప్పుడూ ఆయన్ను నా బండి వెనక కూర్చోబెట్టుకుని ఆ చాయ్ దుకాణం దాకా తీసుకెళుతుంటాను. దారిపొడవునా "జెర ఉరకనీరా, మొద్దునిద్ర పోతున్నవా" అని సతాయిస్తాడు. ఎడమ చెయ్యి నా భుజం మీద ఉంటుంది. దాని వణుకు చొక్కాలోంచి నాకు తెలుస్తూనే ఉంటుంది. పోయిన ఏడాది కంటే ఈ ఏడాది ఎక్కువగా ఉంది. వచ్చే ఏడాది గురించి మేమిద్దరం మాట్లాడుకోం.